అరికాలి మంటకు గ్రీకు పేరు

బ్యాంకు పరీక్ష నేను రెండుసార్లు తప్పింది లెక్కల్లో కాదు, ఇంగ్లిషులో. ఇంగ్లిషులోనైనా వ్యాకరణం దగ్గర కాదు, మాటల దగ్గర. ఒక మాట ఇచ్చి, కింద నాలుగు అర్థాలిచ్చి, సరైనది ఎంచుకోమంటారు. ఆ మాటను నేను పుట్టి బుద్ధెరిగాక ఎక్కడా చూసి ఉండను, ఎవరి నోటా విని ఉండను. మహబూబాబాద్‌లో బస్సెక్కి, దిగి ఆటో ఎక్కి, అది కూడా దిగి కాసేపు నడిస్తే మా తండా వస్తుంది. ఇంట్లో మాది లంబాడీ భాష. బడిలో తెలుగు. డిగ్రీలో పుస్తకం ఇంగ్లిషు, పాఠం తెలుగు. అంటే ఒక ఇంగ్లిషు మాట నా దాకా రావాలంటే రెండు భాషల గడపలు దాటాలి. చాలా మాటలు మొదటి గడప దగ్గరే చెప్పులు విడిచి కూర్చుండిపోయేవి.

రెండోసారి తప్పాక నాతో చదివిన ఒకామె చెప్పింది. జనగామలో ఒక సారు ఉన్నాడట. మాటలను బట్టీ పట్టించడట, వేర్లతో సహా పెరికి చూపిస్తాడట. ఒక వేరు పట్టుకుంటే నూరు మాటలు వాటంతటవే వచ్చి ఒళ్ళో పడతాయట. నాకు నూరు మాటలు ఒక్కసారే వచ్చి పడడం అన్న ఊహ నచ్చింది. అప్పటిదాకా ఒక్కోదాని వెంట పడి అలసిపోయి ఉన్నాను.

ఆ వానాకాలమే యాడికి టీబీ అని తేలింది. యాడి అంటే మా భాషలో అమ్మ. సర్కారు దవాఖానలో మందులిచ్చారు, ఆరు నెలలు విడవకుండా మింగాలన్నారు. రెండు నెలలు తిరిగేసరికి దగ్గు తగ్గింది, మొహం తేరుకుంది. "నాకేమైతది, నువ్వు పో" అని ఆమే నా బట్టలు సర్దింది. నేను జనగామ వచ్చి, డోర్నకల్ నుంచి వచ్చిన ఒక అక్కతో కలిసి గది తీసుకున్నాను. వాళ్ళ నాయిన రైలు పట్టాల మీద పనిచేసి రిటైరయ్యాడు. ఆమె రైల్వే పరీక్ష రాస్తోంది. ఆదివారం చర్చికి పోయేది, మిగతా ఆరు రోజులు నాతోపాటు రూట్ల సారు దగ్గరికి వచ్చేది. ఆయన అసలు పేరుతో ఆయనను పిలిచేవాళ్ళెవరూ లేరు. అందరికీ రూట్ల సారే.

తరగతి ఎరువుల దుకాణం పైఅంతస్తులో జరిగేది. కింద నుంచి పురుగుమందుల వాసన వచ్చేది, పైన లాటిన్ నడిచేది. సారుది బచ్చన్నపేట దిక్కు. హైదరాబాదులో కొన్నేళ్ళు చెప్పి వచ్చారు. అక్కడ ఆయన యాసకు ఎవరో నవ్వారట. అప్పటినుంచి బోర్డు ముందు నిలబడితే 'ఏమిటండీ', 'ఎలాగండీ' అని సినిమాలో హీరో తండ్రిలా మాట్లాడేవారు. మేం 'గిట్ల' అంటే ఆగి, 'ఇలా' అని దిద్ది, ఆ తర్వాతే లాటిన్‌లోకి దిగేవారు. కానీ రోజూ పదకొండు గంటలకు ఆయన ఫోను మోగేది, ఊళ్ళో ఉన్న వాళ్ళ అమ్మ. "ఆఁ, చెప్పు అవ్వా. తిన్నవా? ఏమొండినవ్? సరే తియ్యి, క్లాసుల ఉన్న" అని పెట్టేసి, మా వైపు తిరిగి, "కాబట్టి మిత్రులారా, బెనె అంటే ఏమిటండీ?" అనేవారు. ఆ అర నిమిషంలో ఆయన బచ్చన్నపేట పోయి విజయవాడ మీదుగా రోముకు తిరిగొచ్చేవారు.

బాగా చెప్పేవారు, అది ఒప్పుకోవాలి. ఒకరోజు 'బస్సు' అన్న మాట తీసుకున్నారు. "ఆమ్నిబస్ అంటే లాటిన్‌లో అందరి కొరకు. అందులో ఆమ్ని అంటే అందరు. మరి బస్ అంటే? ఏమీ లేదు. ఉత్త విభక్తి. మన కొరకు, కై అన్నట్టు. జనం బరువైన ముక్కను వదిలేసి విభక్తిని పట్టుకున్నారు. మనం రోజూ ఎక్కి దిగేది 'కొరకు'ను." ఆ సాయంత్రం మేం బస్టాండులో నిలబడితే సిద్దిపేట బస్సు వచ్చింది. ఆడవాళ్ళకు టికెట్టు లేని కాలం, ఫుట్‌బోర్డు మీద కూడా చోటు లేదు. అక్క ఒక కాలు లోపల పెట్టి, "లాటినోళ్ళు కరెక్టే చెప్పిండ్రు. అందరి కొరకే ఉన్నది. మన కొరకే లేదు" అంది.

ఇంకో రోజు 'క్యాండిడేట్' వచ్చింది. రోమ్‌లో పదవికి నిలబడేవాళ్ళు మెరిసే తెల్లబట్టలు కట్టుకుని ఓట్లడిగేవాళ్ళట. తెలుపును బట్టి ఆ పేరు. "మా తరిగొప్పులల లీడర్లకు ఇప్పటికి గదే డ్రెస్సు సార్" అన్నాడు వెనక వరసలో ఒకతను. అందరం నవ్వాం. మేం కూడా అభ్యర్థులమే కాబట్టి పరీక్షకు తెల్లబట్టలు వేసుకు పోతే మంచిదని సారు అన్నారు. సరదాకు అన్నారో నిజంగా అన్నారో తెలియలేదు గానీ, తర్వాతి నమూనా పరీక్షకు నలుగురు తెల్లచొక్కాలతో వచ్చారు.

అక్క ఎడమచేత్తో రాసేది. 'సినిస్టర్' అన్న మాట వచ్చినరోజు సారు ఆమె చెయ్యి చూసి, "ఇదిగో, లాటిన్‌లో ఎడమ అంటే సినిస్టర్. అదే ఇంగ్లిషులోకి వచ్చి చెడు, కీడు అయింది" అన్నారు.

"అయితే నేను కీడా సార్?"

"నేను అనలేదమ్మా, లాటిన్ అన్నది."

"లాటిన్‌కు నేనేం అన్యాయం జేసిన?" అని ఆమె ఎడమచేత్తోనే ఆ మాట రాసుకుంది.

నాకు ఆ గదిలో ఒకే ఒక్కరోజు గెలుపు దక్కింది. అదీ పూర్తిగా దక్కలేదు. సారు నెలల పేర్లు చెప్తున్నారు. సెప్టెం అంటే ఏడు, ఆక్టో ఎనిమిది, నోవెం తొమ్మిది, డెకెం పది. రోమన్లకు మార్చి మొదటి నెల కాబట్టి సెప్టెంబరు ఏడోది. అందరూ నోటు పుస్తకాల్లో నాలుగు గీతలు గీసి బట్టీ పడుతున్నారు. నాకు నవ్వొచ్చింది.

"ఎందుకమ్మా నవ్వు?"

"సార్, మా యాడి మేకలు లెక్కబెడితే గట్లనే ఉంటది. సాత్, ఆట్, నవ్, దస్."

గది గొల్లుమంది. రోమ్ నగరం మా మేకల దొడ్డికి వచ్చినందుకు నవ్వారో, మా మేకలు రోముకు పోయినందుకు నవ్వారో తెలియదు. సారు కూడా చిన్నగా నవ్వి, "అది వేరమ్మా. దానికి లిపి లేదు. లిపి లేని భాషకు వేర్లు వెతకలేం" అన్నారు.

నేను కూర్చున్నాను. పక్కనుంచి అక్క లేచింది. "లిపి లేకుంటే వేర్లుండవా సార్? వేపచెట్టుకు ఏం లిపి ఉన్నది?"

సారు గడియారం చూసుకుని తర్వాతి మాటకు పోయారు.

నెల గడిచేసరికి మాకు ఇది జబ్బులా పట్టుకుంది. ఏ మాట విన్నా విరిచి చూడకుండా ఉండలేకపోయేవాళ్ళం. 'ఆంటీ' అంటే వ్యతిరేకం అని నేర్చుకున్నాక, నీళ్ళ మోటారు దగ్గర మాతో రోజూ గొడవపడే ఇంటి యజమానురాలిని ఆంటీ అని పిలవడంలో మాకు కొత్త తృప్తి దొరికింది. 'మిస్' అంటే తప్పు అని తెలిశాక, బడిలో పదేళ్ళు మేం టీచరును ఏమని పిలిచామో తలుచుకుని పడీపడీ నవ్వాం. ఇవన్నీ తప్పుడు వేర్లే, మాకూ తెలుసు. కానీ మాట లోపల ఏముందో మాకు మాత్రమే తెలుసన్న గీర ఒకటి మెల్లగా ఎక్కింది. బస్సులో ఎవరైనా ఇంగ్లిషు పేపరు చదువుతుంటే వాళ్ళ భుజం మీదుగా పెద్ద మాట వెతికేదాన్ని. అది దొరికితే విరిచేదాన్ని. వార్త ఏమిటో ఒక్కసారీ చదవలేదు.

అట్లాంటి రోజుల్లో యాడి ఫోను చేసింది. మేం మాట్లాడుకునేది మా భాషలోనే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"ఏం లేదు, అరికాళ్ళు జర మండుతున్నయి" అంది.

యాడి నోట 'జర' అంటే కొంచెం కాదు, చాలా అని అర్థం. మర్నాడు పొద్దున్నే బయలుదేరి పోయాను. ఆమె మంచం మీద కూర్చుని, రెండు కాళ్ళూ నీళ్ళ తొట్టిలో పెట్టుకుని ఉంది. చెప్పు జారిపోయినా తెలియడం లేదంది. ఒక చెప్పుతోనే చేను దాకా నడిచిపోయి, అక్కడ ఎవరో చూసి చెబితే వెనక్కి వచ్చి వెతుక్కుందట. నేను ఆటో పిలిచి, పట్నంలో కొత్తగా అద్దాల తలుపులతో పెట్టిన ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయాను. సర్కారు దవాఖానకు ఎందుకు తీసుకుపోలేదంటే, అద్దాల తలుపుల మీద నేను విరవగలిగిన మాటలు చాలా ఉన్నాయి. న్యూరో, కార్డియో, ఆర్థో. చుట్టాల ఇంటికి వచ్చినట్టు అనిపించింది.

డాక్టరు చిన్నవాడే. కంప్యూటరు వైపు చూస్తూ వినేవాడు.

"సారూ, అరికాళ్ళల్ల నిప్పులు పోసినట్టు మండుతున్నయి. చెప్పు ఏసుకున్నా ఏసుకున్నట్టు తెలుస్తలేదు" అంది యాడి, తనకు వచ్చిన తెలుగులో.

ఆయన యాడిని అడగకుండా నన్ను అడిగాడు. "ఎనీ కోమార్బిడిటీస్?"

ఆ క్షణం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. ఆ మాట నేను అంతకుముందు వినలేదు. కానీ అది నా ముందే రెండు ముక్కలై పడింది. కో అంటే కలిసి. మోర్బస్ అంటే జబ్బు. కలిసి ఉన్న జబ్బులు. ఇంకేమైనా జబ్బులున్నాయా అని అడుగుతున్నాడు. బట్టీ పట్టకుండా, డిక్షనరీ తెరవకుండా, వచ్చిన మాటను వచ్చినట్టే పట్టుకున్నాను. సారు పక్కనుండి చూసి ఉంటే బాగుండుననిపించింది.

"నో, సర్" అన్నాను.

ఆయన అప్పుడే మొదటిసారి తల తిప్పి మావైపు చూశాడు. తలకు రుమాలు కట్టుకున్న లంబాడీ అవ్వ పక్కనుంచి అంత ఠక్కున జవాబు వస్తుందనుకోలేదు. ఏం చేస్తున్నావని ఇంగ్లిషులోనే అడిగాడు. బ్యాంకు పరీక్షకు చదువుతున్నానని ఇంగ్లిషులోనే చెప్పాను. "గుడ్, గుడ్" అన్నాడు.

"ఏమంటున్నడు?" అంది యాడి.

"ఇంకేమన్న జబ్బులున్నయా అని అడిగిండు."

"నువ్వేమన్నవ్?"

"లెవ్వన్న."

యాడి ఏదో అనబోయింది. అంతలో నర్సు వచ్చి నరాల పరీక్షకని చెయ్యి పట్టుకుని లేపింది. యాడి నావైపు ఒకసారి చూసి, లేచి పోయింది.

సాయంత్రానికి కాగితం చేతికిచ్చారు. 'ఇడియోపతిక్ పెరిఫెరల్ న్యూరోపతి' అని రాసి ఉంది. నాకు పండగైంది. బయట బెంచీ మీద కూర్చుని ఒక్కో ముక్కా విరుస్తూ యాడికి చెప్పాను.

"పెరిఫెరల్ అంటే ఒంటికి చివరలు. అంటే కాళ్ళు, చేతులు. న్యూరో అంటే నరం. పతి అంటే బాధ."

"అంటే కాళ్ళ నరాలు బాధ పెడుతున్నయని రాసిండా?"

"అవును."

"గది నేను జెప్పిందే గద. ఆయన కొత్తగా చెప్పిందేంది?"

"ఇడియోపతిక్ అన్నడు. ఇడియో అంటే సొంతం. జబ్బు దాని సొంతంగ, దానంతట అదే వచ్చిందట."

యాడి అరికాలు తడుముకుంది. "దానంతట అదే ఎట్లొస్తది? మేకకు కాలు కుంటైనా ముల్లన్న ఉంటది, రాయన్న ఉంటది" అంది.

నేను ఆమెకు గ్రీకు రాదని సరిపెట్టుకున్నాను. నరాల గోలీలు రాసిచ్చారు, కొన్నాం, ఇంటికి పోయాం. యాడి తెలుగులో చెప్పుకున్నది డాక్టరు గ్రీకులో తిరిగి చెప్పాడని, కారణం తెలియదన్న ముక్కను కూడా గ్రీకులోనే చెప్పాడని, ఆ రెండింటికీ మధ్య మేం ఒక రోజంతా కూర్చున్నామని నాకు అప్పుడు తట్టలేదు. ఆ మాటను నేనే విప్పాను. విప్పినందుకే మురిసిపోయి, లోపల ఏమీ లేదన్నది చూడలేదు.

జనగామ తిరిగొచ్చాక సారుకు చెప్పాను. ఆయన సంబరపడిపోయారు. బోర్డు మీద ఆ మూడు మాటలు ఒక మూల నుంచి ఇంకో మూలకు రాసి, నన్ను పిలిచి విప్పించారు. అందరూ చప్పట్లు కొట్టారు. "చూశారా మిత్రులారా, మీ మిత్రురాలి అమ్మగారి జబ్బు మన సిలబస్‌లోనే ఉంది" అన్నారు. ఆ తర్వాత ఇడియో వేరుకు పుట్టిన మిగతా మాటలు రాశారు. ఇడియం అంటే ఒక భాషకు సొంతమైన నుడికారం. ఇడియట్ అంటే మొదట్లో తెలివితక్కువవాడు కాదు, ఊరి సంగతి పట్టకుండా తన సొంతంలో తాను ఉండేవాడు. నేను అన్నీ రాసుకున్నాను. చప్పట్లు కొట్టనిది అక్క ఒక్కతే.

గదికి వచ్చాక, "మీ అమ్మకు ఇప్పుడెట్లున్నది?" అని అడిగింది.

"గోలీలు రాసిచ్చిండ్రు."

"గోలీల సంగతి కాదు. ఎట్లున్నది?"

ఫోను చేశాను. అట్లాగే ఉందంది యాడి. ఆ తర్వాత నెలన్నర అట్లాగే ఉందనే చెప్తూ వచ్చింది. పత్తి ఏరేకాలం వచ్చినా చేనుకు పోవడం మానేసిందని నాకు పక్కింటి వదిన చెప్పింది.

పుస్తకాలు సర్దుకుని మళ్ళీ ఇంటికి పోయాను. నేను పోయిన రెండో రోజు మా తండాకు ఏఎన్ఎం వచ్చింది. ఆమెదీ పక్క తండానే. వారానికోసారి వచ్చి చిన్నపిల్లలకు సూదులు వేసి, గర్భిణులను చూసి పోయేది. యాడి కాళ్ళు తొట్టిలో పెట్టుకుని ఉండడం వాకిట్లోంచి చూసి లోపలికి వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. నేల మీద కూర్చుని యాడి పాదం తన ఒళ్ళో పెట్టుకుంది. మా భాషలోనే అడగడం మొదలుపెట్టింది. ఎప్పటినుంచి? ముందు ఏ కాలు? రాత్రి ఎక్కువా, పగలెక్కువా? ఏం తింటున్నావు? ఏం గోలీలు మింగుతున్నావు?

"టీబీ గోలీలు" అంది యాడి.

"డబ్బా తీసుకరా చూద్దాం."

యాడి సందుగ పెట్టెలోంచి ఒక సంచి తీసింది. అందులో టీబీ గోలీల పట్టీలు చాలావరకు ఖాళీవే ఉన్నాయి. వాటి అడుగున చిన్న గోలీల పట్టీలు వేరే ఉన్నాయి. వాటిలో ఒక్క గోలీ కూడా కదల్లేదు.

"యాడీ, గివెందుకు మింగలే?" అన్నాను.

"గవి చిన్నయి గద. పెద్ద రోగానికి పెద్ద గోలీలు చాలనుకున్న. గవే గొంతు దిగక చస్తున్న, మళ్ళ గివెందుకని పక్కకు పెట్టిన. ఇంట్ల పోరగాళ్ళకు జ్వరమొస్తె అక్కరకొస్తయని."

ఏఎన్ఎం నుదురు కొట్టుకుంది. తర్వాత నిదానంగా చెప్పింది. టీబీ మందుల్లో ఒకదానితో కొందరికి అరికాళ్ళు మండుతాయి. అట్లా మండకుండా ఈ చిన్న గోలీ ఇస్తారు. అది విటమిను. పెద్దది జబ్బుకు, చిన్నది పెద్దదాని చేష్టలకు.

నేను ప్రైవేటు దవాఖాన కాగితం తెచ్చి చూపించాను. ఆమె ఆ పొడుగాటి మాట మీద వేలు పెట్టి, "గిదేంది?" అంది.

"ఇడియోపతిక్. అంటే కారణం తెల్వదని."

"అడగకుంటే ఎట్ల తెలుస్తది?" అని కాగితం మడిచి నా చేతికిచ్చింది.

ఆ రోజే ఆమె మా ఇద్దరినీ వెంటబెట్టుకుని పీహెచ్‌సీకి తీసుకుపోయింది. అక్కడి డాక్టరు సంచిలోని పట్టీలన్నీ బల్ల మీద పరిచి చూసి, టీబీ మందులు ఒక్క పూట కూడా ఆపొద్దని, విటమిను గోలీ ఇంతకింత వేసుకోవాలని రాసిచ్చాడు. వచ్చేదారిలో ఆటోలో యాడిని అడిగాను.

"ఆనాడు అద్దాల దవాఖానల ఏదో చెప్పబోయినవు గదా. ఏంది?"

"టీబీ గోలీలు మింగుతున్నానని చెప్దామనుకున్న."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు ఇంగ్లిషుల చెప్తున్నవు గద. అన్నీ చెప్పినవనుకున్న" అంది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. నిజంగా అట్లాగే అనుకుంది. కూతురు డాక్టరుతో డాక్టరు భాషలో మాట్లాడుతుంటే మధ్యలో పోవడం ఎందుకని ఊరుకుంది.

దగ్గు తగ్గింది కాబట్టి టీబీ పోయిందనుకున్నాను. కోమార్బిడిటీ అన్న మాటలో కో ఉంది, మోర్బస్ ఉంది, అన్నీ ఉన్నాయి. మా ఇంట్లో సందుగ పెట్టెలో ఏముందో లేదు. ఇడియో వేరుకు పుట్టిన మాటల్లో నాకు సరిపోయేది ఒకటి సారు బోర్డు మీద రాసే ఉన్నారు. తన సొంతంలో తాను ఉండేవాడు.

యాడి కాళ్ళు ఒక్కరోజులో బాగుకాలేదు. మొదట మంట తగ్గింది, తర్వాత చాలా రోజులకు చెప్పు తొడిగింది తెలియడం మొదలైంది. టీబీ కోర్సు కూడా పూర్తయింది. ఆ ఏడు పత్తి ఏరలేదు గానీ మిర్చికి పోయింది.

జనగామకు తిరిగి పోయినప్పుడు సారుకు జరిగినదంతా చెప్పాలా వద్దా అని చాలా తన్నుకులాడాను. బోర్డు మీద యాడి జబ్బుకు చప్పట్లు కొట్టించుకున్నదాన్ని కాబట్టి చెప్పాలనిపించింది. తరగతి అయిపోయాక, అక్క నా పక్కన ఉండగా, మొత్తం చెప్పాను. ఆయన వింటూ బోర్డు తుడిచారు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచారు.

"మా అవ్వ గూడ రెండేండ్ల సంది కాళ్ళు మండుతున్నయంటది" అన్నారు చివరికి. మాతో ఆ యాసలో మాట్లాడడం అదే మొదటిసారి. "పొద్దున ఫోన్ జేస్తది. తిన్నవా అని అడుగుత, పెట్టేస్త. ఏం గోలీలు మింగుతున్నవని ఒక్కనాడు అడగలే."

మర్నాడు తరగతి లేదు. ఆయన బచ్చన్నపేట పోయారు. వాళ్ళ అవ్వకు ఉన్నది షుగరని, అది ఎవరూ పరీక్ష చేయించలేదని తర్వాత తెలిసింది. వారం తర్వాత మళ్ళీ బోర్డు ముందు నిలబడ్డారు. 'డయాబెటిస్' అని రాశారు. "గ్రీకులో దీనికి ఒకదాని గుండా సాగిపోవడం అని అర్థమండీ" అన్నారు. అలవాటైన చెయ్యి అంత తొందరగా మానదు. కానీ ఆ రోజు పదకొండు గంటలకు ఫోను మోగినప్పుడు క్లాసుల ఉన్న అని పెట్టేయలేదు. వరండాలోకి పోయి పావుగంట మాట్లాడి వచ్చారు. మేం గదిలో కూర్చుని కిటికీలోంచి వచ్చే పురుగుమందు వాసన పీల్చుకుంటూ ఎదురుచూశాం.

మూడోసారి పరీక్ష రాశాను. న్యాయంగా చెప్పాలంటే సారు వేర్లు పనికొచ్చాయి. తెలియని మాటలు నాలుగైదు వాటితోనే విప్పాను. ఒక మాటకు మాత్రం వేరు అక్కర్లేకపోయింది. ప్రొహిబిటెడ్. అది జనగామ బస్టాండు గోడ మీద రోజూ చదివిన మాట. దాని కిందే అందరూ ఉమ్మేవాళ్ళు. ఉమ్మొద్దని ఎవరికీ రాని మాటలో రాస్తే ఎందుకు ఉమ్ముతారో కూడా నాకు అప్పటికి కొంత అర్థమైంది. అక్కకు ఆ ఏడు ఉద్యోగం రాలేదు, మరుసటేడు వచ్చింది. ఇప్పుడు ఒక చిన్న స్టేషన్‌లో పనిచేస్తోంది. ఎడమచేత్తో జెండా ఊపుతుంది.

నాకు భూపాలపల్లిలో ఒక బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. బొగ్గు గనుల ఊరు. పొద్దుటి షిఫ్టు దిగినవాళ్ళు ఇంకా తల తడి ఆరకుండానే బ్యాంకుకు వస్తారు. నన్ను పాసుబుక్కుల కౌంటరులో కూర్చోబెట్టారు. మా మేనేజరు మంచివాడే గానీ ఆయనకు పెద్ద మాటల మీద గౌరవం ఎక్కువ. చిన్న మాట రాస్తే బ్యాంకు పరువు పోతుందంటారు.

ఒకరోజు పాసుబుక్కు అచ్చువేసే మిషను చెడిపోయింది. ఒక బోర్డు రాయమన్నారు. నేను 'మిషన్ ఖరాబైంది, రేపు రండి' అని రాసిచ్చాను. ఆయన చూసి, ఇట్లా రాస్తే కిరాణా దుకాణంలా ఉంటుందని పక్కన పెట్టి, తానే ఒకటి టైపు చేయించి నా కౌంటరు అద్దానికి అతికించారు. 'అనివార్యమైన సాంకేతిక అవసరాల దృష్ట్యా ఈ కౌంటర్ సేవలు తాత్కాలికంగా సస్పెండ్ చేయబడినవి' అని తెలుగులో, దానికి రెట్టింపు పొడవున ఇంగ్లిషులో.

మధ్యాహ్నం దాకా ఎవరూ వెనక్కి పోలేదు. వరస కడుతూనే ఉన్నారు. వచ్చినవాళ్ళు బోర్డు చదివి, నన్ను ఒక రకంగా చూసి, మాట్లాడకుండా నిలబడేవాళ్ళు. చివరికి గనిలో పనిచేసి రిటైరయిన ఒక పెద్దాయన అద్దం దగ్గరికి వంగి గొంతు తగ్గించాడు.

"ఏం తప్పు జేసినవు బిడ్డా?"

నాకు అర్థం కాలేదు. "నేనేం జెయ్యలే బాపు. ఏమైంది?"

"సస్పెండ్ అని రాసిండ్రు గద. ముప్పై ఏండ్లు బొగ్గుబాయిల పన్జేసిన, గా మాట నాకు తెల్వదా? నన్ను గూడ రెండుసార్లు జేసిండ్రు. పరేషాన్ గాకు. యూనియనోళ్ళకు చెప్పినం, వస్తున్నరు."

వెనక వరసలో ఒకామె నాకని మంచినీళ్ళ సీసా ముందుకు పంపింది. సస్పెండ్ అంటే లాటిన్‌లో వేలాడదీయడమని, ఇక్కడ వేలాడేది మిషనే గానీ నేను కాదని వాళ్ళకు చెప్పబోయి ఆగిపోయాను. నోరు తెరిచి, "మిషన్ ఖరాబైంది బాపు, అంతే" అన్నాను.

"గంతేనా? గా ముక్క రాస్తె పొద్దున్నే ఇంటికి పోయేటోళ్ళం గద" అన్నాడాయన. వరస మొత్తం ఒక్కసారే కదిలింది.

కాసేపటికి యూనియన్ వాళ్ళు ఇద్దరు నిజంగానే వచ్చారు. మేనేజరు వాళ్ళకు టీ తెప్పించి సంగతంతా వివరించి పంపించారు. తర్వాత బయటికి వచ్చి, అద్దం మీది కాగితాన్ని తానే గోటితో గీకి తీసి, ఒక తెల్లకాగితం నా బల్ల మీద పెట్టారు.

"పొద్దున రాసింది మళ్ళీ రాయమ్మా. కొంచెం పెద్ద అక్షరాలతో" అన్నారు.

రాసి అతికించాను. రేపు రండి అని రాసినందుకు మర్నాడు అందరూ వచ్చారు. మిషను బాగుకావడానికి ఇంకో ఎనిమిది రోజులు పట్టింది.